మూడొందలు ఏమిటి?

మా కోడలు ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దుగూకాక ఇల్లు చేరేసరికి పాదాలు వాచి చెప్పుల్లోంచి రానంటాయి. బాయిలర్ గదిలో మీటర్లు చూసుకునే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అక్కడ కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ కోసమే ఈ వయసులో పదో తరగతికి కట్టింది. అన్నీ గట్టెక్కాయి, సైన్సు ఒక్కటే పోయింది. ఈసారీ పోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పాడు.

మావాడు లారీ మీద వారాలకొద్దీ తిరుగుతాడు గనక చదివించే పని నా మీద పడింది. నేను చదివింది అయిదో తరగతి. అదీ నా అల్లరి భరించలేక మాస్టారు పైకి నెట్టేశారు.

"ఇరవై కిలోల మూటని మీటరున్నర ఎత్తుకి లేపితే చేసిన పని ఎంత?" పుస్తకం చూసి అడిగాను.

గోడకి చేరగిలబడి, కళ్లు మూసుకునే చెప్పింది. "మూడొందలు."

"మూడొందలు ఏమిటి?"

"మూడొందలే, మామయ్యా."

"డిగ్రీలా? దుప్పట్లు బూడిదైపోతాయి తల్లీ!"

నవ్వే ఓపిక కూడా లేదు పిల్లకి. కానీ తప్పెక్కడుందో నాకప్పుడు తెలిసింది. వాళ్ల లాండ్రీలో ఆవిరి రొదకి మాట వినపడదు. అందుకని ఉత్త అంకె అరుస్తారు. కాటా దగ్గర అరిస్తే కిలోలు, ఉతికే యంత్రం దగ్గర డిగ్రీలు, ఆరబెట్టే డ్రమ్ము దగ్గర నిమిషాలు. నిలబడ్డ చోటే మిగతాది చెబుతుంది. పరీక్ష కాగితంలో నిలబడే చోటెక్కడిది? పోయినసారి లెక్కలన్నీ సరిగ్గా చేసి, ఉత్త అంకెలు రాసి వచ్చింది.

"అయితే లే. నీళ్ల బిందె దగ్గర నిలబడు. అది బలం, న్యూటన్లు. గుమ్మం దగ్గర దూరం, మీటర్లు. పొయ్యి దగ్గర జౌల్స్. పనైనా శక్తైనా అక్కడే."

"రోజంతా నిలబడే వచ్చాను కదా, మళ్లీ నిలబెడతారా?"

"కూర్చోడానికే నిలబడమంటున్నాను."

మూలుగుతూ లేచింది. బిందెకీ గుమ్మానికీ పొయ్యికీ మధ్య ఈడ్చుకుంటూ తిరిగింది. కాస్త హుషారు చేద్దామని నా గొప్పలు మొదలెట్టాను.

"వయసులో ఉండగా బురదలో దిగబడ్డ లారీని నేనొక్కణ్ణే తాడేసి లాగాను, తెలుసా?"

"లారీ కదిలిందా?"

"లారీ కదల్లేదు. రోడ్డే రెండడుగులు నా వైపు జరిగింది."

"అయితే మీరు చేసిన పని సున్నా," అంది. ఆగి, పొయ్యి వైపు ఒకడుగు వేసింది. "సున్నా జౌల్స్."

శభాష్ అనబోయాను. ఆవిడే మళ్లీ అడిగింది.

"మరి కాటా ఖాళీ అయ్యేదాకా నెత్తిన మూటతో కదలకుండా నిలబడతాం, మెడలు లాగేస్తాయి. అదీ సున్నాయేనా?"

పుస్తకం అదే అంటోంది. పుస్తకం మూసేశాను.

"పరీక్షలో సున్నా, తల్లీ. పరీక్షలో మటుకే."

ఫలితాలు వచ్చిన సాయంత్రం చెప్పులు విడవకుండానే గడప మీద కూలబడింది. మొహం చూస్తే ఏమీ తేలలేదు.

"ఏమైందమ్మా?"

"నలభై ఒకటి," అంది, కళ్లు మూసుకునే.

"నలభై ఒకటి ఏమిటి?"

ఒక కన్ను తెరిచింది. "మార్కులు, మామయ్యా. మార్కులు."

అక్కడే తలవాల్చి నిద్రపోయింది. చెప్పులు నేనే విప్పాను.