ఎర్ర చుక్క పెట్టిన బ్లేడ్లు

అక్క మా ఇంటికి కరెంటు కత్తి తెచ్చి ఇచ్చిన రోజు నేను నవ్వాను.

"కోయడానికి కూడా కరెంటు కావాలా అక్కా? చేతులేం పాపం చేశాయి?"

"నీ చేతుల సంగతి నాకెందుకురా. మీ ఆవిడ కోసిన రొట్టె చూశావా ఎప్పుడైనా? ఒకవైపు దిండంత, ఒకవైపు కాగితమంత. చూడలేక తెచ్చాను."

మా ఆవిడ కూడా నవ్వింది. అక్క మాటలకు నవ్వడం తనకు అలవాటే. అక్క రెండు వీధుల అవతల ఉంటుంది. నాకంటే ఏడేళ్ళు పెద్దది. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా తన చెవిన పడకుండా జరగదు.

ఆ కత్తి చూడటానికి పెద్ద టార్చిలైటులా ఉంటుంది. పిడిలో మోటారు, పిడి కింద వేలితో నొక్కే మీట. ముందు రెండు సన్నని రంపపు బ్లేడ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మీట నొక్కగానే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తేనెటీగల్లా రొద చేస్తూ ఆడతాయి. వెంట వచ్చిన కాగితాన్ని మా ఆవిడ మూడుసార్లు చదివింది. మొదటి వారమే పొయ్యి మీంచి దించిన వేడి రొట్టెను పొడి రాలకుండా కోసింది. తర్వాత కేకును అడ్డంగా మూడు పొరలు చేసింది. మాంసం ముక్కలైతే అన్నీ ఒకే మందం.

"అద్దాల దుకాణంలో మీరు అరగదీసినట్టుందా?" అని అడిగింది. నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. అవునన్నాను.

ఆ ఏడాదే అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక చక్రాల కుర్చీయే లోకమైంది. మూడు నెలలకు కూర్చున్న చోట పుండు పడింది. కొన్న దిండ్లన్నీ రెండు రోజులకే అట్టముక్కల్లా అణిగిపోయేవి. అమ్మ పగలంతా మూలిగేది. మా ఆవిడ పుండు కడిగి కట్టు కట్టేది. ఆ వాసనకు నేను ఒక్కోసారి బయటికి వెళ్ళి నిలబడేవాణ్ణి. తను ఒక్కసారీ వెళ్ళలేదు.

ఒకరోజు పాత సోఫాలోంచి ఫోమ్ పలక తీసి, అమ్మ పుండు పడిన చోట ఒత్తిడి తగలకుండా గుంట చేయాలని మొదలుపెట్టింది. కత్తెర దిగలేదు. కూరలు కోసే చాకు దాన్ని కుక్క పీకినట్టు పీకింది. అప్పుడు తన చూపు కరెంటు కత్తి మీద పడింది.

మీగడ కోసినట్టు తెగింది.

"తొయ్యకూడదండీ. మనం తోస్తే వంకర పోతుంది. నిలువుగా పట్టుకుని దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. అదే దారి చూసుకుంటుంది," అంది, ముక్కు మీద ఫోమ్ పొడితో.

మొదటి దిండు మీద అమ్మ ఒక పక్కకు ఒరిగిపోయింది. రెండోదానికి గుంట లోతు ఎక్కువైంది. మూడోది పొరలు పొరలుగా జిగురుతో అతికించి చేసింది. కింద గట్టి ఫోమ్, పైన మెత్తనిది, తొడల దగ్గర కొంచెం ఎత్తు. ఆ దిండు మీద అమ్మ మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా కునుకు తీసింది.

లేచాక, "ఇవాళ కాస్త హాయిగా ఉంది. గాలి మారినట్టుంది," అంది.

మా ఆవిడ నా వైపు చూసి, "గాలికి చెబుతాలెండి, మీ అమ్మగారు మెచ్చుకున్నారని," అంది నెమ్మదిగా.

ఫోమ్ పొడీ జిగురూ కలిసి బ్లేడ్ల పళ్ళ మధ్య పట్టుకుంటే ఎంత కడిగినా పోవని తనకు త్వరలోనే తెలిసింది. అందుకని వంటకు ఇంకో జత బ్లేడ్లు కొనుక్కుంది. ఫోమ్ కోసిన పాత జత రెండింటి మీదా గోళ్ళరంగుతో ఒక్కో ఎర్ర చుక్క పెట్టింది. నేను దుకాణం నుంచి తెచ్చిన పాత కళ్ళజోడు పెట్టెలో పెట్టి, కుట్టుమిషను సొరుగులో దాచింది. వంటింటి జత వంటింటి సొరుగులో ఉండేది.

"ఎర్ర చుక్క వంటింటి గడప దాటకూడదు," అని పిల్లలకు చెప్పినట్టు నాకు చెప్పింది. మాకు పిల్లలు లేరు. ఉన్నదల్లా నేనే.

అమ్మను పరీక్షకు తీసుకెళ్ళినప్పుడు ఆసుపత్రిలో చక్రాల కుర్చీలు సరిచేసే విభాగాన్ని నడిపే ఆవిడ ఆ దిండు చూసింది. ఆమె డాక్టరు కాదు కానీ అందరూ కుర్చీల డాక్టరమ్మ అంటారు. దిండు తిరగేసి, గుంటలో పిడికిలి పెట్టి నొక్కి, అంచులు వేళ్ళతో తడిమింది.

"ఎక్కడ చేయించారు?"

"ఇంట్లోనేనండీ. నేనే," అంది మా ఆవిడ.

"నా దగ్గర ఫోమ్ కోసే మనిషి మానేసి రెండు నెలలైంది. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా పని. వచ్చే సోమవారం ఒక నమూనా చేసుకుని రండి. మీ కత్తి కూడా తెచ్చుకోండి, మాది మూలన పడింది."

బస్సు దిగాక మా ఆవిడ, "పొద్దున పూట అత్తయ్య దగ్గర ఎవరుంటారు?" అంది. ఆ సాయంత్రమే అక్కను అడిగింది. అక్క కాసేపు బిగుసుకుని, చివరికి ఒప్పుకుంది.

"మా అమ్మే కదా, కూర్చుంటాలే. అయినా నీకు ఉద్యోగమేమిటి మరదలా, ఫోమ్ కోసి జీతమిస్తారా ఎక్కడైనా? విడ్డూరం."

"ఇస్తారట వదినా. నాకూ విడ్డూరంగానే ఉంది."

పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో తన ముఖం అలా వెలగడం నేను చూడలేదు.

సోమవారానికి ముందు ఆదివారం మా ఇంట్లో భోజనాలు. ప్రార్థన మందిరం పెద్దలు నలుగురు వస్తున్నారు. ఇక నుంచి వారం వారం ప్రార్థన నన్నే నడిపించమని అడగబోతున్నారని నాకు ముందే చూచాయగా తెలుసు. నా భక్తి నిజమైనదే. అయితే ఆ గౌరవం మీద ఆశ కూడా నిజమైనదే. రెండూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

శనివారం మధ్యాహ్నం మా ఆవిడ నమూనా దిండు కోసింది. ఇంతలో అమ్మ పిలిస్తే, "బల్ల మీదవి కాస్త తీసి పెట్టండి," అని లోపలికి వెళ్ళింది. నేను బ్లేడ్లు ఊడదీసి కడిగాను. ఎర్ర చుక్క కనిపించింది. కనిపించలేదని అబద్ధం చెప్పను. అప్పుడే మందిరం పెద్దాయన ఫోన్ చేశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ, దగ్గరగా ఉంది కదా అని బ్లేడ్లు వంటింటి సొరుగులో పడేశాను. కడిగినవే కదా, రేపు తనే చూసుకుంటుందిలే అనుకున్నాను. అక్కడున్న వంటింటి జతను పక్కకు తోసిన గుర్తు కూడా ఉంది.

ఆదివారం భోజనాల వేళకు మా ఆవిడ లోపల అమ్మకు బట్టలు మారుస్తోంది. మాంసం పొయ్యి మీంచి దిగింది. "నేను కోస్తానుండు, నేను తెచ్చిన కత్తేగా," అంటూ అక్క సొరుగు లాగి, చేతికి అందిన జత బిగించింది. ముక్కలు చక్కగా వచ్చాయి. పైన పులుసు పోసి అందరికీ వడ్డించింది. నేను ప్రార్థన చెప్పాను. తినడం మొదలుపెట్టాం.

పెద్దాయన నములుతూ ఆగారు. నోట్లో వేలు పెట్టి ఏదో తీశారు. ఆవగింజంత పసుపు రంగు మెత్తని ముక్క. పళ్ళెం అంచున పెట్టి మళ్ళీ తిన్నారు. మళ్ళీ ఆగారు. ఆయన పక్కనున్నాయన కూడా ఆగారు.

అక్క వంటింట్లోకి వెళ్ళి బ్లేడ్లు ఊడదీసుకుని వచ్చింది. వేడికి జిగురు కరిగి, రెండు బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న ఫోమ్ పొడి అంచుకు వచ్చింది.

"ఏమ్మా, ఒకసారి ఇలా రా. ఏమిటివి?"

మా ఆవిడ తడి చేతులతో వచ్చింది. ఎర్ర చుక్కల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. చేతులు చీర చెంగుకు తుడుచుకుంది. ఆ తుడుచుకున్నంత సేపూ ఆగింది. నాకు ఇచ్చిన గడువు అది. చాలా పెద్ద గడువే.

"పోనీలే అక్కా. ఏదో పొరపాటు జరిగింది," అన్నాను నేను.

ఎవరి పొరపాటో చెప్పలేదు. ఆ మాటకు కర్త లేడు కనుక అందరూ మా ఆవిడ వైపే చూశారు.

"తప్పయిపోయిందండీ," అంది తను పెద్దాయనతో.

"ఫరవాలేదమ్మా. మాంసం మెత్తగా ఉంటే ఇంటావిణ్ణి మెచ్చుకోవాలంటారు. ఇంత మెత్తని మాంసం నేనెక్కడా తినలేదు," అన్నారాయన. అందరూ నవ్వారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నేనూ నవ్వాను.

అమ్మ కుర్చీలోంచి, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, ఈ స్పాంజి గోల ఇంట్లో వద్దని," అంది. ఆ దిండు మీద కూర్చునే అంది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు, వచ్చే వారం నుంచి ప్రార్థన నన్నే నడిపించమన్నారు. నేను చేతులు జోడించాను.

వంటింట్లో అక్క గొంతు వినిపిస్తోంది. నేను ముందు గదిలో కుర్చీలు సర్దుతున్నాను.

"కోపం తెచ్చుకోకు మరదలా. తినే బ్లేడేదో తినని బ్లేడేదో చూసుకోలేని దానివి, రేపు ఆసుపత్రిలో ఎవరి ఒళ్ళు హూనం చేస్తావో. అమ్మ సంగతి ముందు చూడు. పొద్దున పూట రావడం నా వల్ల కాదు."

"సరే వదినా."

ఒక్క మాట చెప్పడానికి ముందు గది నుంచి వంటింటికి ఆరడుగులు. నేను కుర్చీలు మళ్ళీ సర్దాను.

సోమవారం ఎనిమిదింటికి తను కుర్చీల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. "ఇంట్లో వీలు పడటం లేదండీ. మన్నించండి," అని రెండు ముక్కల్లో ముగించింది. నమూనా దిండుకు తొడుగు వేసి అటక మీద పెట్టింది.

నేను ప్రార్థనలో నా తప్పు ఒప్పుకున్నాను. రోజూ ఒప్పుకున్నాను. దేవుడి దగ్గర చెప్పడం తేలిక. ఆయన మధ్యలో ఆపి, మీ అక్కతో చెప్పావా అని అడగడు. అడుగుతాడేమో, ఆ గొంతు నాకు వినపడకుండా నేనే ప్రార్థన పెంచుకుంటూ పోయానేమో.

పన్నెండో రోజు, తను దుప్పట్లు మడత పెడుతుంటే, ఒక కొస పట్టుకుని చెప్పాను.

"ఆ బ్లేడ్లు అక్కడ పెట్టింది నేనే."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఎప్పుడేమిటండీ? ఇంట్లో ఉన్నది ముగ్గురం. అత్తయ్య కుర్చీ దిగలేరు. నేను పెట్టలేదు." కొస నా చేతిలోంచి తీసుకుంది. "నాతో చెప్పి ఏం లాభం? నాకు తెలియనిది చెప్పాలి ఎవరైనా. తెలియని వాళ్ళు ఆ రోజు బల్ల చుట్టూ కూర్చున్నారు."

"ఇప్పుడు వెళ్ళి అక్కతో చెబుతాను."

"చెప్పండి. మొన్న మందులకు వెళ్ళినప్పుడు చూశాను, ఆ పనిలో ఎవరో అమ్మాయి చేరింది. చేతులు కాలాయి. ఆకులు మీరు పట్టుకుంటారో మీ అక్కగారు పట్టుకుంటారో మీ ఇష్టం."

నేను వెళ్ళి చెప్పాను. అక్క తలుపు దగ్గరే విని నవ్వింది.

"పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావా? మంచిదేరా. అలాగే ఉండాలి మగాడు."

"నిజం అక్కా. నేనే సొరుగులో పెట్టాను."

"సర్లే సర్లే. నీ మంచితనం నాకు తెలియదా?"

అక్క ఆ సంగతి అమ్మతో చెప్పింది. అమ్మ మందిరం వాళ్ళతో చెప్పింది. భార్య తప్పు తన మీద వేసుకున్న మనిషినని నాకు ఇంకొంచెం పేరొచ్చింది. పెద్దాయన నా భుజం తట్టారు. కాదండీ అన్నాను. నిగర్విని కూడా అయ్యాను.

నాలుగు నెలలకు అమ్మ దిండు అణిగిపోయింది. పుండు మళ్ళీ ఎర్రబడింది. మా ఆవిడ ఎప్పటిలా కడిగి కట్టు కట్టింది. అందులో ఏ లోటూ చేయలేదు. దిండు ఊసు మాత్రం ఎత్తలేదు. నేను అటక మీది నమూనా తీయబోతే, "అది అత్తయ్య కొలత కాదు," అంది. అంతే.

ఒక శనివారం నేనే ఫోమ్ కొనుక్కొచ్చాను. కళ్ళజోడు పెట్టెలోంచి ఎర్ర చుక్కల జత తీసి బిగించాను. వంటింట్లో తను రొట్టె కోస్తోంది, మామూలు చాకుతో. ఆ ఆదివారం తర్వాత కరెంటు కత్తి ముట్టుకోలేదు.

"ఎలా పట్టుకోవాలి?" అని అడిగాను.

"నిలువుగా," అంది, తల ఎత్తకుండా. "తొయ్యకండి."

నేను తోశాను. తెగుతోందా లేదా అన్న ఆత్రంలో తోశాను. గీత ఒకచోట, కోత ఒకచోట. అద్దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసే చేతులు ఇవి. మోటారు వేడెక్కి ఆగితే చల్లారేదాకా కూర్చున్నాను. మళ్ళీ కోశాను. జిగురు పూశాను. తొడుగు వేశాను. అమ్మను ఎత్తి దాని మీద కూర్చోబెట్టాను.

అమ్మ ఎడమ పక్కకు ఒరిగింది. సర్దుకుంది. మళ్ళీ ఒరిగింది.

"ఇదేమిట్రా? ఇది కోడలు చేసినట్టు లేదు," అంది.

అమ్మ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. నేను గబగబా వంటింట్లోకి వెళ్ళి, ఉన్నదున్నట్టు మా ఆవిడకు అప్పచెప్పాను.

"అలాగా," అంది.

ఒకవైపు దిండంత, ఒకవైపు కాగితమంత ఉన్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టి, అమ్మకు ఇమ్మని నా చేతికిచ్చింది.