మెడ దగ్గర ముడత

జిలానీ పికప్ సీటు మీదికి వంగి, కుడి చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. కొత్త రెక్సిన్ చల్లగా తగిలింది. కుట్టు వెంబడే చెంపను మెల్లగా జరుపుకుంటూ పోయి, అంచు దగ్గర ఆగాడు. అక్కడే ఇంకోసారి జరిపి చూసుకున్నాడు. లేచి, లోపలి స్పాంజిని అరచేత్తో రెండు దెబ్బలు చరిచి సర్దాడు. మళ్లీ చెంప పెట్టాడు. ఈసారి ఏమీ తగల్లేదు. సరేనన్నట్టు తల ఊపి పక్కకు తప్పుకున్నాడు.

ముద్దులు అయినాయా ఉస్తాదూ అని కుట్టుమిషను దగ్గర్నుంచి అనీస్ రోజూ అడిగే మాటే అడిగాడు. అనీస్‌ది రాయచోటి. నలభై దాటినా వాడి నోరు మాత్రం ఇంకా ఇరవైలోనే ఉంది. పైకి వెక్కిరిస్తాడు గానీ, యజమాని చూస్తున్నప్పుడు వాడూ సీటుకు చెంప ఆనిస్తాడు. ఉస్తాదు విద్యంతా అందులోనే ఉందని వాడి నమ్మకం. ఆ యజమాని రియాజ్ కూడా వచ్చిన గిరాకీలకు అదే చెబుతాడు. మా ఉస్తాదు చేత్తో చూడడు సాబ్, మొహంతో చూస్తాడు, సగం మిల్లీమీటరు తేడా ఉన్నా పట్టేస్తాడు అని.

అందులో విద్యా లేదు, గిద్యా లేదు. జిలానీ వేళ్లకు స్పర్శ పోయి రెండేళ్లు కావస్తోంది, అంతే.

మొదట చిటికెన వేలి కొస తిమ్మిరెక్కింది. నిద్రలో చెయ్యి కింద పడి ఉంటుందనుకున్నాడు. తర్వాత మిగతా వేళ్లు కూడా రెండో కణుపుదాకా మొద్దుబారాయి. ఒకరోజు తెల్ల లెదరు మీద ఎర్రటి మరకలు కనిపించి ఎవర్రా ఇది అని అరవబోయి చూసుకుంటే, తన వేల్లోనే సూది దిగి ఉంది. ఆ రోజు నుంచి వేళ్లకు టేపు చుట్టుకుని కుడుతున్నాడు. లేతరంగు బట్ట ముట్టుకునేముందు చేతులు రెండూ వెలుతురులో తిప్పి చూసుకుంటాడు. ఇక్కడే సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఒక పాలీక్లినిక్‌లో చూపించుకుంటే షుగర్ లేదన్నారు. ఏం పని చేస్తావని అడిగి, ఆ గమ్ము వాసన మానెయ్యమన్నాడు డాక్టరు. మానేస్తే వేళ్లు మళ్లీ దారికొస్తాయా అంటే చెప్పలేమన్నాడు. చెప్పలేని మాటను నమ్మి చేతిలో ఉన్న పని ఎవరు వదులుకుంటారు? జిలానీ ఆ క్లినిక్కు మళ్లీ పోలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఖోబర్‌లోని తుగ్బా పేటలో ఈ సీటు కవర్ల దుకాణానికి వచ్చినప్పుడు అతనికి ముప్పై ఎనిమిది, ఇప్పుడు యాభై ఏడు. ఇన్నేళ్లలో సంపాదించుకున్నదల్లా ఉస్తాదు అనే పిలుపు ఒక్కటే. పోయినేడు చూపు మందగించిన లాహోర్ కటింగు మాస్టరును రియాజ్ కౌగిలించుకుని ఏడ్చి, టికెట్టు చేతిలో పెట్టి పంపించేశాడు. రియాజ్ చెడ్డవాడేమీ కాదు. హైదరాబాదు మనిషి, మనసు మెత్తన. ఏడుస్తాడు, పంపిస్తాడు కూడా. పంపిస్తే జిలానీ పోయి చేసేదేముంది? ప్రొద్దుటూరు పక్కన ఊళ్లో అతని తండ్రి దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇప్పుడు పరుపులు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని లారీల్లో దిగుతున్నాయి. చేతి పని పోయి, చేతులూ పోయి, అరుగు మీద కూర్చునే ముసలాడు కావడం అతనికి ఇష్టం లేదు. ఆ ఊహకే భయమేసేది.

ఆ పొద్దున రియాజ్ టీ తాగుతూ ఇక్కడ ఉండేందుకు ఇచ్చే ఇకామా గడువు దగ్గర పడిందని, రెన్యూ చేయించేస్తానని చెప్పాడు. ఏటా చెప్పినట్టే చెప్పాడు, జిలానీ ఏటా ఊపినట్టే తల ఊపాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక షట్టరు ఎత్తేసరికి దుకాణం ముందు ఒక చిన్న కారు ఆగి ఉంది. నడిపేది పాతికేళ్ల అమ్మాయి. ఒక చేత్తో గిటారు, ఇంకో చేత్తో గిటారు ఆకారంలోనే ఉన్న నల్లటి గట్టి పెట్టె మోసుకుంటూ లోపలికి వచ్చింది. పెట్టె తెరిచి చూపిస్తూ ఇంగ్లీషు, హిందీ కలిపి చెప్పింది. పేరు ఆశా అట. ఖోబర్‌లో పిల్లలకు గిటారు నేర్పుతుందట. పెట్టె లోపలి ముదురెరుపు వెల్వెట్టు మూత దగ్గర ఊడి సంచిలా వేలాడుతోంది. కింది స్పాంజి పొడి పొడిగా రాలుతోంది. గిటారు మెడ పట్టే సన్నటి గాడిలో బట్ట మొత్తం ముద్దగా ముడుచుకుపోయింది. రాత్రికి పిల్లలతో దమ్మామ్‌లో కచేరీ ఉందట. మెడ కింద ఆసరా లేకపోతే దారిలో కుదుపుకు విరుగుతుందని ఆమె భయం. ఒకసారి విరిగి అతికించిందేనట. నాలుగు దుకాణాలు తిరిగితే, మేం కార్లే చేస్తామని పంపేశారట.

రియాజ్ కూడా అదే అనాల్సింది. కానీ ఆడపిల్ల నాలుగు దుకాణాలు తిరిగానన్న మాటకు అతనికి పౌరుషం వచ్చింది. మా ఉస్తాదు చేయలేని పని ఖోబర్‌లో లేదన్నాడు. ఎండకు గిటారును కారులో పెట్టొద్దు, ఏసీ కింద కూర్చోండి అని కుర్చీ కూడా వేశాడు.

జిలానీ పెట్టెలోకి తొంగిచూసి, "ఇది డిక్కీలో ఉడికినాది. ఎండకు గమ్ము కరిగిపోయినాది" అని తనలో తను గొణుక్కున్నాడు.

ఆ అమ్మాయి చప్పున తలెత్తింది. "మీరు తెలుగా అంకుల్?"

తెలుగే. ఆ అమ్మాయీ తెలుగే, వాళ్ల నాన్న ఇక్కడ ఇంజినీరు, ఊరు కాకినాడ. తను పుట్టింది మాత్రం ఇక్కడే. అంతవరకు చెప్పి, ఆమె గిటారు ఒళ్లో పెట్టుకుని శ్రుతి చూసుకుంటూ కూర్చుంది. లావు తీగ మోగినప్పుడు జిలానీ చేతిలో చాకు ఆగింది.

"మా నాయన గూడా వాయించేటోడు పాపా" అన్నాడు. "దూదేకే విల్లు. ఆయనకు ఒకటే తీగె. సరిగ్గా ఇట్లే పలికేది."

ఆమె నవ్వింది. జిలానీ పనిలో పడ్డాడు. పొడైన స్పాంజిని గీకి, బ్రష్షుతో దులిపాడు. పాత గమ్మును చాకు మొండివైపుతో పెచ్చులు పెచ్చులుగా లేపాడు. పెట్టె ఆకారానికి ఒక అట్ట కత్తిరించుకుని, దాని ప్రకారం కొత్త స్పాంజి కోసి చెక్కకు అంటించాక, స్పాంజికీ బట్టకూ రెండింటికీ గమ్ము పూసి ఆగాడు. తడి మీద అంటిస్తే ఆ పూటకు అంటుకుంటుంది, పదిరోజులకు మళ్లీ ఊడుతుంది. జిగురు ఆరి, ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి. అది కూడా వేలితో చూడాల్సిందే. జిలానీ మణికట్టు వెనుకవైపు ఆనించి చూసుకున్నాడు.

మూతకు నడిమి నుంచి అంచులకు బట్ట పరిచి, చెంప పెట్టి చూశాడు. నున్నగా వచ్చింది. గిటారు పొట్ట పట్టే భాగం వెడల్పైనది, తల లోపలికి దూర్చి అక్కడా చూశాడు. మా ఉస్తాదు మొహంతో చూస్తాడని రియాజ్ ఆశాకూ చెప్పాడు. ఆమె నిజంగానే ఆశ్చర్యపడింది.

ఇక మిగిలింది మెడ. ఆ గాడి నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు.

బట్టను లోపలికి నొక్కాడు. నొక్కాననే అనుకున్నాడు. తల వంచి చెంప దూర్చబోతే ముక్కు అడ్డం వచ్చింది. ఫోన్ లైటు వేసి చూశాడు. వెల్వెట్టు ముదురు రంగు, నూగు అటూ ఇటూ పడుకుని ఏది ముడతో ఏది నీడో తెలియడం లేదు. వేళ్లు పెట్టి జరిపితే వేళ్లేమీ చెప్పలేదు. ముడత ఉంటే గిటారు మెడ దాని మీద ఎత్తుగా కూర్చుంటుంది, మూత వేస్తే బరువంతా అతుకు మీద పడుతుంది. గమ్ము ఒకసారి పట్టిందంటే చించి తీయాల్సిందే. జిలానీ నుదుట చెమట పట్టింది. మిషను చప్పుడు ఆగింది, అనీస్ ఇటే చూస్తున్నాడు. రియాజ్ గల్లా దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఈ రోజుతో తెలిసిపోతుంది అనుకున్నాడు జిలానీ.

"పాపా" అన్నాడు గొంతు తగ్గించి. "నీ చెయ్యి ఒకపారి ఈడ పెట్టి చూడు."

అనీస్ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆశా గిటారు కుర్చీలో ఆనించి వచ్చింది. ఎడమ చెయ్యి గాడిలో పెట్టి, వెంటనే తీసేసింది.

"ఈ చేతికి తెలీదు అంకుల్" అని కుడి చెయ్యి పెట్టింది.

వేళ్లతో మెల్లగా తడుముకుంటూ పోయి, తల భాగం దగ్గర ఆగింది. ఇక్కడ ఏదో ఉంది, సన్నగా, అడ్డంగా అంది. జిలానీ చాకు మొండివైపు పెట్టి, ఆమె వేలు చూపినచోటే బట్ట లేపి, వెనక్కి లాగి నొక్కాడు. ఆమె మళ్లీ తడిమింది. ఇంకా కొంచెం ఉందంది. ఇంకోసారి లాగాడు. ఇప్పుడు లేదంది.

అప్పుడు అడిగాడు, ఎడమ చేతికి ఏమైందని. ఆమె నాలుగు వేళ్లూ తిప్పి చూపించింది. తీగలు నొక్కీ నొక్కీ కొసలు కాయలు కాచి మెరుస్తున్నాయి. కారు తాళంతో గట్టిగా గీసుకుని, చూడండి, ఏమీ తెలీదు అంది. ఆ చెప్పడంలో బాధేమీ లేదు, గొప్పగానే చెప్పింది.

జిలానీ ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. "ఇంక ఎప్పటికీ ఇట్లే ఉండిపోతాయా?"

"లేదంకుల్. వాయించడం మానేస్తే మెత్తబడిపోతాయి. మొన్న చెయ్యి విరిగి రెండు నెలలు ముట్టుకోలేదు. చంటిపిల్ల వేళ్లలా అయిపోయాయి. మళ్లీ మొదట్నుంచీ ఏడుస్తూ వాయించా."

జిలానీ కుడిచేతి టేపు విప్పాడు. చూపుడు వేలి కొసన పాత సూదిపోట్లు నల్లటి చుక్కలుగా ఉన్నాయి.

"నాయి గూడా మొద్దుబారినాయి పాపా. ఎవరికీ చెప్పలా."

ఆమె అతని వేళ్ల వైపు, చెంప వైపు చూసింది. అర్థమైంది కాబోలు. జిలానీయే చెప్పుకుపోయాడు. నిరుడు ఇంటికి పోయినప్పుడు కూతురు అఫ్షాన్ బిడ్డను అతని చేతుల్లో పెట్టారు. నెలల పిల్ల. బుగ్గ మీద వేలు పెట్టాడు. వేలు బుగ్గ మీదే ఉంది, కళ్లకు కనిపిస్తోంది, అయినా ఏమీ తెలియలేదు. స్నానాల గదిలోకి పోయి ఏడ్చాడు. బయటికొచ్చి, పిల్ల బుగ్గకు తన చెంప ఆనిస్తే అప్పుడు తెలిసింది మెత్తగా ఉందని. తాత ముద్దు చూడండని ఇంట్లో అందరూ మురిసిపోయారు. తిరిగొచ్చి ఇక్కడ సీటుకూ అలాగే ఆనించాడు.

తన వేళ్లు వేరు, ఆ పాప వేళ్లు వేరు అని జిలానీకి తెలియక కాదు. ఆమెవి తీగకు కాచిన కాయలు, తనవి గమ్ముకు చచ్చిన నరాలు. కానీ ఈ రెండేళ్లలో మెత్తబడతాయి అనే మాట అతను విన్నది ఇప్పుడే. డాక్టరు కూడా అనని మాట ఆ పిల్ల కారు తాళం తిప్పుకుంటూ అనేసింది.

గిటారు పెట్టెలో కుదురుగా కూర్చుంది. మూత వేసి, పెట్టె పైకెత్తి, చెవి దగ్గర పెట్టుకుని కదిపింది. ఏ చప్పుడూ లేదు. పోతూ పోతూ రియాజ్‌తో, అంకుల్ చాలా బాగా చేశారని మాత్రం చెప్పింది. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని బిగబట్టి ఉన్న జిలానీ అప్పుడు ఊపిరి వదిలాడు.

రాత్రి ఇషా నమాజు అయ్యాక రియాజ్ కంప్యూటరు తెరిచాడు. రెన్యూ పెట్టేస్తున్నా అన్నాడు. వద్దన్నాడు జిలానీ. ఇక తిరిగి రాకుండా పోయే ఖురూజ్ వీసా కొట్టించు, ఇంటికి పోతానన్నాడు. రియాజ్ వేళాకోళమనుకుని నవ్వాడు. మళ్లీ అదే మాట వినేసరికి కుర్చీ తిప్పుకుని కూర్చుని, ఎవరేమన్నారని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదని, మోకాళ్ల నొప్పులని చెప్పాడు జిలానీ. రియాజ్ చాలాసేపు బతిమాలాడు. పంపించేస్తారేమోనని రెండేళ్లుగా భయపడిన మనిషి, ఉండమని బతిమాలుతుంటే వింటూ నిలబడ్డాడు. ఆ మాటలు అతనికి బాగున్నాయి. అయినా మాట మార్చుకోలేదు.

గదికి పోయి మదార్బీకి ఫోన్ చేశాడు.

"ఏంది, లీవు దొరికెనా?" అంది భార్య.

"లీవు గాదు మే. వచ్చేస్తాండా."

"ఏమైనా ఒంట్లో బాగలేదా?"

"చేతులకు సెలవిస్తాండా" అన్నాడు. "కొన్నాళ్లు నాకేం పని చెప్పొద్దు. పిల్లను మాత్రం దినామూ నా చేతికియ్యి."

సరేలే అంది మదార్బీ. ఆమెకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నెల తిరగకుండానే ఖురూజ్ వచ్చింది. దమ్మామ్ ఎయిర్‌పోర్టులో రియాజ్ దింపి, కౌగిలించుకుని ఏడ్చాడు. జిలానీ వేళ్లు మెత్తబడ్డాయో లేదో దుకాణంలో ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు ఆ సంగతి తెలియాలి గదా.

అతని చోట్లోకి వచ్చిన కొత్త మనిషి మొదటిరోజు గోడ మేకులకున్న అట్టలు సర్దుకున్నాడు. ఏ బండి సీటుకు ఏ కొలతో తెలిసేలా కోసి పెట్టుకున్న అట్టలవి. వాటిలో ఒకటి చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది ఏ బండిదని అనీస్‌ను అడిగాడు. కింద గుండ్రంగా, నడుము దగ్గర సన్నగా, పైకి పొడుగ్గా మెడ. బండిది కాదులే, ఉండనీ అన్నాడు అనీస్ మిషను ఆపకుండానే. కొత్త మనిషి ఆ గిటారు అట్టను పికప్ సీటు అట్టల పక్కన అదే మేకుకు మళ్లీ తగిలించాడు.