బుచ్చవ్వ మనవడూ, నా ముల్లూ

నేను ఒక బీపీ మిషన్ని. ఇప్పటి బ్యాటరీ రకం కాదు. గుండ్రటి ముఖం, మధ్యలో సన్నని ముల్లు, పక్కన పిండితే గాలి కొట్టే రబ్బరు బంతి. ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నా ముఖం మీద అంకెలు మూడు వందల దాకా అచ్చువేశారు. అంత ఎత్తు ఎక్కిన మనిషిని నేనింతవరకూ చూడలేదు, చూడకపోతేనే మంచిది.

మొదటి పాతికేళ్ళూ కరీంనగర్ దగ్గరి ఒక చిన్న ఊళ్ళో డాక్టర్ సాబ్ బల్ల మీద గడిచాయి. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. ఉప్పు ముట్టడమే లేదని ప్రమాణం చేసిన పెద్దమనిషి చేతికి నన్ను చుట్టగానే ముల్లు నూట ఎనభైకి ఎగబాకేది. ఆయన నావంక అనుమానంగా చూసి, "మిషన్ ఖరాబైనట్టున్నది సాబ్" అనేవాడు. అబద్ధం ఆయనది, నింద నాకు. సాబ్ పోయాక ఆయన కూతురు నన్ను తన సంచీలో వేసుకుంది. ఆమె డాక్టర్ నుస్రత్, చిన్నపిల్లలకు ఆపరేషన్లు చేస్తుంది.

తండ్రి గుర్తుగా అద్దాల బీరువాలో పెడుతుందనుకున్నాను. ఏం పెట్టింది? మొదటి రోజే చేతికి చుట్టే నా గుడ్డపట్టీ ఊడబీకింది. ఆసుపత్రి ఎక్స్‌రే గదికి తీసుకుపోయి నాకొక మెత్తని కొత్త గొట్టం తగిలించింది. ఆ గొట్టం రెండో కొస పసిపిల్లల వెనకవైపు ఎక్కడ దూరుతుందో తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమనుషుల చేతులు పట్టుకుని బతికినదాన్ని మరి. ఆ సిగ్గు పోయింది బుచ్చవ్వ మనవడి వల్లే.

వాడికి ఏడు నెలలు. మేనమామ అన్నం ముట్టించిన మూడో నాడు ఏడుపు మొదలైంది. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టేవాడు, కాసేపటికి ఏమీ జరగనట్టు నిద్రపోయేవాడు. అరగలేదని బుచ్చవ్వ కడుపుకు ఆముదం రాసింది. రాసిన ప్రతిసారీ వాడు పడుకునేసరికి తన వైద్యం పనిచేస్తోందనుకుంది. మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఆముదం. అలా ఒకటిన్నర రోజు పోయింది. పచ్చటి వాంతులై, గుడ్డలో నెత్తురు కలిసిన జిగురు కనబడ్డాక ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చారు. అప్పటికి వాడు ఏడవడం కూడా మానేసి తల్లి భుజం మీద వాలిపోయి ఉన్నాడు.

"నీ తమ్ముడు ముద్దలు పెద్దగ పెట్టిండు, గందుకే గిట్లయింది," అని ఎక్స్‌రే గది గుమ్మంలో కూడా కోడల్ని అంటూనే ఉంది బుచ్చవ్వ. కోడలు రజిత పిల్లవాణ్ణి భుజం మీద సర్దుకుని లోపలికి నడిచింది.

స్కానింగ్ చూసిన నుస్రత్ తన తెల్లకోటు చేతిని లోపలికి మడిచి చూపించింది. "అన్నంతోని కాలేదవ్వా, ఎవ్వల తప్పు లేదు. పేగు గిట్ల పేగులకే దూరింది. గాలితోని వెనక్కి నెడ్త. వస్తే కోత లేదు. రాకుంటే ఆపరేషనే."

"ఇంత చిన్న కడుపు కోస్తే తట్టుకుంటడా మేడం?" అంది రజిత.

"కొయ్యకుండనే చూస్త," అంది నుస్రత్. పక్క గదిలో ఆపరేషన్‌కు అన్నీ సిద్ధం చేయించే ఉంచింది.

సెలైన్ ఎక్కించి వాణ్ణి కాస్త తేరుకోనిచ్చాక, గొట్టం అమర్చి నా బంతి పిండింది. ముల్లు ఎనభై దగ్గర ఆగింది. మూడు నిమిషాలు. ఎక్స్‌రే తెర మీద గాలి పాకుతూ పోయి ఒక గడ్డ దగ్గర నిలిచిపోయింది. గాలి వదిలి, వాడికి విశ్రాంతినిచ్చి, రెండోసారి వంద. గడ్డ కదిలింది కానీ కడుపు కుడివైపు చేరి మొండికేసింది. మూడోసారి నూట ఇరవై. అంతకు మించితే పేగు చిరిగే ప్రమాదం ఎక్కువ. ఆ గీత దాటకూడదని నేనూ బిగబట్టుకున్నాను. ఉన్నట్టుండి ముల్లు సర్రున కిందికి పడిపోయింది.

సాబ్ దగ్గర ఎవరి అంకైనా అలా పడిపోతే అందరూ హడలిపోయేవారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పేగు విడిందా, చిరిగిందా? అంకె తప్ప నాకేం తెలుసు? నుస్రత్ తెర చూసింది. గాలి చిన్నపేగుల్లోకి బిలబిలా పరుగెత్తుతోంది. "విడింది," అంది. ఆమె అరచేతి చెమటకు నా బంతి తడిసిపోయింది. నాకు ఎంత సంతోషమైందంటే, గుడ్డపట్టీ ఊడబీకినందుకు ఆమెను అక్కడికక్కడే క్షమించేశాను.

పేగు మళ్ళీ దూరే అవకాశముందని వాణ్ణి మర్నాటిదాకా ఉంచారు. నాలుగు గంటలు పాలు ఇవ్వొద్దన్నారు. అవసరం పడొచ్చని నన్నూ వార్డులో ట్రేలో పెట్టారు. గంట తిరిగేసరికి వాడు లేచి కెవ్వుమన్నాడు. రజిత నర్సు కోసం పరుగెత్తబోయింది.

బుచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. వంగి మనవడి కాళ్ళు చూసింది. ముడుచుకోలేదు, గాలిలో తంతున్నాడు. కడుపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

"నొప్పేడుపు కాదు బిడ్డా. ఆకలేడుపు," అంది. మెల్లగా, "నీ తమ్మునికి ఫోన్ కలుపు. నేనే మాట్లాడ్త," అంది.

నర్సు వచ్చి చూసి అవునంది. పాలకు ఇంకా మూడు గంటలుంది. ఆ మూడు గంటలూ వాడు ముఖం ఎర్రగా చేసుకుని వార్డంతా అదిరేలా ఏడ్చాడు. ఒక్కరు కూడా వాణ్ణి ఊరుకోమనలేదు.