ఇద్దరు లాగే లంగరు

నా మొగుడు నన్ను వదిలేసి సముద్రం మీద పోతున్నాడన్న సంగతి నాకు ఎస్తేరమ్మ ప్రార్థనలో తెలిసింది.

శుక్రవారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. అందరం కళ్లు మూసుకున్నాం. ఎస్తేరమ్మ మా సంఘంలో పెద్దామె. మొదలుపెట్టిందంటే ఊళ్లోవాళ్ల జ్వరాల దగ్గర్నుంచి పిల్లల పరీక్షల దాకా అన్నీ దేవుడికి ఒప్పజెప్పిగాని ఆమేన్ అనదు. ఆ వరసలోనే, "ఒంటరిగా సముద్రం మీదికి పోతావుండే నీ దాసుడు హెబ్రోనును కాపాడు తండ్రీ. ఈడ ఒంటరిగా మిగిలిపోయే నీ కుమార్తె జయశీలను ఓదార్చు తండ్రీ" అంది.

నేను ఒక కన్ను తెరిచాను. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే కళ్లు తెరిచి నన్ను జాలిగా చూస్తున్నారు. అంటే నా ఓదార్పు సంగతి సంఘమంతటికీ తెలుసు, నాకు తప్ప. ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా నేనే అన్నాను, ఒళ్లు మండి.

హెబ్రోను శ్రీహరికోటలో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. అయిన మర్నాటి నుంచీ కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేటి ఒడ్డున రేకుల షెడ్డు వేసుకుని తెరచాప పడవ కట్టడానికి దిగాడు. ఇనప పడవ. ఇనుము మునిగిపోదా అని అడిగినవాళ్లను, ఓడలు దేంతో కడతారు, తాటాకులతోనా అని ఎదురడిగేవాడు. శ్రీలంక చూసి, మాల్దీవులు చూసి, అక్కణ్నుంచి ఆఫ్రికా దిక్కున ఉండే దీవుల దాకా పోవాలని ఆయన ఆశ. నాకు సూళ్లూరుపేటలో టైలరింగు షాపు ఉంది. ఆ పడవ తెరచాపలు కుట్టింది నేనే. ఆ మందపు గుడ్డకు ఎన్ని సూదులు విరిగాయో నా మిషనుకే తెలుసు. లోపల పడకలకు పరుపులు కుట్టాను, రెండు. వాన కోట్లు కుట్టాను, రెండు. ఇంత చేసినా, నువ్వూ వస్తావా అని ఆయన ఒక్కమాట అడగలేదు. ఇవాళ కాకపోతే రేపు అడుగుతాడులే అని నేనూ చూస్తూ ఉన్నాను.

అసలు ఆ మనిషికి అడగడం రాదు. మా పెళ్లిచూపుల్లో అబ్బాయి ఇష్టమేనా అమ్మా అని నన్ను అడిగింది పాస్టరుగారు. ఈయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు మారాలన్నా, కూతురి పెళ్లి మాట కదపాలన్నా ముందు పాస్టరుగారి చెవిన వేసి ప్రార్థన చేయించేవాడు. ఆ మాట సంఘమంతా తిరిగి తీరిగ్గా నా దగ్గరికి వచ్చేది. ఈసారీ అంతే. పెళ్లాంతో చెప్పడానికి నోరు రాక దేవుడితో చెప్పుకున్నాడు.

మర్నాడు లంగరూ గొలుసూ కొనడానికి ఇద్దరం చెన్నై పోవాలని ముందే అనుకున్నాం. నేను ఏమీ ఎరగనట్టే ఆయన పక్కన రైల్లో కూర్చున్నాను. ఎప్పుడు నోరు విప్పుతాడో చూద్దామనుకున్నాను. గూడూరు ఎండల గురించి చెప్పాడు, పల్లీలు కొనిచ్చాడు. ఆ మాట మాత్రం రాలేదు.

హార్బరు దగ్గర ఓడ సామాన్ల దుకాణం కామాక్షయ్యది. మనిషి కోవూరు వాడు. చెన్నైలో పాతుకుపోయినా మాట మాత్రం మనదే. "రా అన్నా, రా అక్కా" అని స్టూళ్లు వేశాడు. దుకాణం నిండా తుప్పు వాసన, తారు వాసన, గుట్టలుగా గొలుసులు.

లంగరంటే కొక్కెంలా ఉంటుందనుకున్నాను. కామాక్షయ్య చూపించింది అచ్చం నాగలి.

"నాగలేనక్కా," అన్నాడు. "మన చేలో కర్రు దిగినట్టే ఇసకలో దిగతాది, బంకమట్టిలో దిగతాది. కాకపోతే పైకి గుంజితే లేచొస్తాది. నేలబారున గుంజాల. అందుకే గొలుసు. దాని బరువుకు అది అడుగున పడి ఉంటాది, లంగరును పక్కకే లాగతాది."

"తాడు కట్టుకుంటే?" అన్నాడు హెబ్రోను.

"దూరం పోయేవాళ్లకు తాడు పనికిరాదన్నా. మాల్దీవుల కాడ అడుగంతా పగడపు రాళ్లు. రాపిడికి కోసుకపోతాది. మొత్తం గొలుసే ఏసుకో."

రెండు లంగర్లు ముందు పెట్టాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. హెబ్రోను పెద్దదాని వైపు చూడను కూడా చూడలేదు. చిన్నదాన్ని ఎత్తి దించి, "ఇది చాలు. రొంత గొలుసు, మిగతాది తాడు" అన్నాడు.

కామాక్షయ్యకు మనసొప్పలేదు. "నీది ఇనప పడవన్నా. పగటిపూట అన్నం తినేదానికి ఆగితే ఇది సరే. రేత్రి గాలి తిరిగిందనుకో, లంగరుతో సహా పడవ రాళ్లమీదికి పోతాది. ఇట్టాంటిది ఏసుకొని నిద్రెట్టా పోతావు?"

"మేలుకోనుంటా."

"ఎన్ని రేత్రులని మేలుకుంటావన్నా?"

హెబ్రోను కుడి భుజం పట్టుకున్నాడు. వెల్డింగు పనికి అరిగిపోయిన భుజం అది. చొక్కా తొడుక్కోవాలన్నా నేను చెయ్యి అందివ్వాలి. "పెద్దదీ, అంత గొలుసూ పైకి రావాలంటే ఒకరు ముందర గొలుసు చుట్టే మర తిప్పాల, ఒకరు ఎనక చుక్కాని పట్టాల. ఒక్కడి వల్ల కాదు" అన్నాడు నేల చూస్తూ.

ఒక్కడే పోతాడన్న మాట ఎస్తేరమ్మ నోట విన్నప్పుడు కోపం వచ్చింది. ఆయన నోట విన్నప్పుడు ఏడుపొచ్చింది. ఈ మనిషి నన్ను అడగడానికి భయపడి చావడానికి సిద్ధపడ్డాడు.

"అన్నం తినొస్తాం కామాక్షయ్యా," అని ఆయన రెక్క పట్టుకుని పక్కనున్న మెస్సుకు లాక్కుపోయాను. ఆకులో అన్నం పడేదాకా ఆగాను.

"నేను రానని నీకు ఎవురు చెప్పినారయ్యా?"

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నువ్వే. మైపాడు కాడ పడవెక్కి వాంతులు చేసుకున్నావే, ఆ పొద్దు. ఇంక జన్మలో పడవెక్కనన్నావు."

"కాన్పు నొప్పుల్లో, ఇంక జన్మలో నీ మొగం చూడనని కూడా అన్నా. చూళ్లేదా?"

పక్క బల్ల మీదాయన తినడం ఆపి మా వైపు తిరిగాడు. తిరగనీ.

"పరుపులు రెండెందుకు కుట్టినాననుకున్నావు? రెండోది పాస్టరుగారికా?"

"ఎవురన్నా చుట్టాలొస్తే పనికొస్తాదని..."

"నడి సముద్రంలోకి చుట్టాలొస్తారా!"

నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "అడిగితే కాదనలేక వస్తావు జయా. నీ సంగతి నాకు తెలీదా? నా ఆశ కోసరం నువ్వు ఆ నీళ్లలో పడరాని పాట్లు పడాల్నా? నాకేమన్నా అయితే అయింది. నీకేమన్నా అయితే ఎట్టా?"

మజ్జిగ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాను.

"వాంతులకు మాత్రలుండాయి. నువ్వు మేలుకోనుండావా, కునుకు తీసినావా, ఉండావా పోయినావా అని సూళ్లూరుపేటలో కూచొని ఏడిస్తే దానికి యాడుండాయి మాత్రలు? తిను. తిని లే. పెద్దది కొందాం."

ఆయన తలవంచుకుని అన్నమంతా తిన్నాడు. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు.

దుకాణంలో, "ఇద్దరూ కలిసి ఎత్తి చూడండి" అన్నాడు కామాక్షయ్య. నేను ఒక కొస పట్టుకున్నాను, ఆయన మంచి భుజం వైపు నుంచి ఇంకో కొస పట్టుకున్నాడు. లేచింది. జానెడే లేచింది గాని, లేచింది. "చాలక్కా చాలు, దించండి, కాళ్లమీద పడతాది!" అని కామాక్షయ్య మొత్తుకున్నాడు. గొలుసు ఎక్కడా తాడు ముక్క లేకుండా తీసుకున్నాం, జింకు పూత పూసింది.

ఆ గొలుసు ఇంటికి వచ్చాక దాని పని నాది. ఎంత లోతుకు వదిలామో తెలియాలంటే మధ్య మధ్య గుర్తులుండాలి. ఆయన పెయింటు వేస్తానన్నాడు. పెయింటు రాలిపోతుందని నేను షాపులో మిగిలిన జాకెట్టు ముక్కలు వరసగా కట్టాను, ఎరుపు, పసుపు, పచ్చ. అన్నిటికంటే చివర, ఇంక గొలుసు అయిపోతుందనే చోట, నా పెళ్లి చీర కొంగులోంచి ఒక తెల్ల పేలిక కట్టాను. ఆయన దాన్ని గుర్తుపట్టాడు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.

తర్వాత నెలలో పడవను నీళ్లలోకి దించి, ఉప్పుటేట్లో మొదటిసారి లంగరు వేశాం. ఆయన వెనక, గాలి లేనప్పటికని పెట్టిన చిన్న ఇంజను దగ్గర, నేను ముందర గొలుసు దగ్గర. పడవను మెల్లగా వెనక్కి పోనిస్తున్నాడు. లంగరు జారుతుంటే గొలుసు చేతికి వణుకుతుందనీ, పట్టిందంటే నిమ్మళిస్తుందనీ కామాక్షయ్య చెప్పి పంపాడు. అరచెయ్యి ఆనించి ఉంచాను. వణికింది. మళ్లీ వణికింది. తర్వాత బిగిసి, ఊరుకుంది.

"పట్టింది!" అని అరిచాను.

ఇంజను ఆగింది. చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా మొహం చూడకుండా, ఆనాడు క్యాలెండరు చూసినట్టు ఒడ్డున ఆరేసిన వలలు చూస్తున్నాడు. ఆయనకు ఏదో అడగాలని ఉంది. ఈసారి నేను సాయం చెయ్యదలుచుకోలేదు. చుట్టుపక్కల పాస్టరుగారు కూడా లేరు.

"జయా," అన్నాడు నా వైపు తిరిగి. "నాతో వస్తావా?"

లంగరు కొని, గొలుసు కట్టి, రెండు పరుపులూ వేశాక అడిగే ప్రశ్నేనా అది? అయినా, ఇన్నేళ్ల కాపురంలో ఎవరినీ మధ్యన పెట్టకుండా ఆయన నన్ను అడిగిన మొదటి మాట. గొలుసు మీది చెయ్యి తీసి ఆయన అరిగిన భుజం మీద వేశాను.

"వస్తా," అన్నాను. "ఎస్తేరమ్మకు మాత్రం నువ్వే చెప్పాల, ప్రార్థన మార్చమని."