ఇనుములో ఇరుక్కున్న చెయ్యి

పిల్లలిద్దరికీ అన్నం పెట్టి, అమ్మ మళ్లీ కొట్లోకొచ్చి ఇనుము పిసకడం మొదలుపెట్టింది. కొలిమి లేదు, సుత్తి లేదు. కడ్డీని గుప్పిట్లోకి తీసుకుని రొట్టెల పిండిలా నాలుగుసార్లు మర్దిస్తే చాలు, చెప్పినమాట వింటుంది. వీధిలో ఎవరికీ ఇందులో వింత లేదు. "కరెంటు పోయినా ఆవిడ పని ఆగదు, అదే సుఖం" అనుకుంటారు.

ఆవిడ దిగులంతా పిల్లల గురించే. అయినవాళ్లకి దూరంగా పెంచుతోంది, మంచీచెడూ చెప్పే పెద్దలు దగ్గర లేరు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అవుతుందేమోనని రొట్టెముక్క కూడా కొలిచి విరుస్తుంది. పైగా చిన్నది బళ్లో నోరు విప్పదు. "ఈసారైనా అందరి ముందూ మాట్లాడకపోతే పై తరగతికి పంపలేనమ్మా" అని టీచరు తేల్చి చెప్పేసింది. ఆ మాట్లాడేది ఇవాళే, ఇంకాసేపట్లో, ఎదురుగా ఉన్న హాల్లో. ఖురాన్లో ఉన్న దావూద్ రాజు కథ చెప్పాలి. వారం నుంచీ పిల్ల గోడకి చెప్పుకుంటోంది.

ఇంటికి గేటు చేయించుకుంటున్న గేటాయన స్టూలు మీద కూర్చుని తొందరపెడుతున్నాడు. అంతలో పెద్దాడు తడిసిన అట్టముక్కలు పట్టుకుని దూసుకొచ్చాడు.

"అమ్మా, చూడు! నా కోట మీద చెల్లి బకెట్టుడు నీళ్లు కుమ్మరించేసింది. నెల రోజులు కట్టాను!"

వెనకే చిన్నది వచ్చి బెల్లంకొట్టిన రాయిలా నిలబడింది.

అమ్మ తలెత్తలేదు. "అలాగా? అయితే కథా లేదు, గిథా లేదు. ఇవాళ ఇంట్లోనే ఉండు" అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, ఇనుము బిగుసుకుపోయింది. కుడిచెయ్యి మణికట్టుదాకా అందులోనే ఉంది.

గేటాయన పట్టుకు లాగాడు. పక్క కొట్టు కుట్టుపని ఆవిడ పరిగెత్తుకొచ్చి "సబ్బు నీళ్లు పోద్దామా వదినా?" అంది. పోశారు. నురగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. దారినపోయేవాళ్లు గుమ్మం దగ్గర మూగారు. రంపం తెమ్మని ఒకరు, వద్దు వేళ్లు పోతాయని ఒకరు.

"నా గేటో?" అన్నాడు గేటాయన.

"ఆవిడ చెయ్యి పోతుంటే నీ గేటు గోలేమిటయ్యా" అంది కుట్టుపని ఆవిడ.

అమ్మ మొహం పాలిపోయింది. నొప్పికి కాదు. "దావూద్ రాజు చేసిన పొరపాటే చేశాను" అంది మెల్లగా.

"ఆయనకీ ఇరుక్కుందా చెయ్యి?" అన్నాడు గేటాయన.

అమ్మ కూతురి వైపు తిరిగింది. "నీళ్లెందుకు పోశావే?"

గుమ్మం నిండా జనం. పిల్ల అమ్మనే చూస్తూ చెప్పింది.

"అన్నయ్య కోటలో కొవ్వొత్తి వెలిగించి, స్నేహితుల్ని పిలుస్తానని వెళ్లాడు. బురుజు అంటుకుంది. పక్కనే కర్టెను."

పెద్దాడు అట్టముక్కని తిప్పి చూశాడు. అంచు నల్లగా ఉంది. "చిన్న కొవ్వొత్తేగా..." అని గొణిగాడు.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?" అంది అమ్మ.

"నువ్వడగలేదు."

ఇనుము కొంచెం వదులైంది. బొటనవేలు కదిలింది. "కదిలింది, కదిలింది!" అన్నారు గుమ్మంలో.

"తప్పు నాదే తల్లీ" అంది అమ్మ, అందరూ వింటుండగానే. "నీ మాట వినకుండా తీర్పు చెప్పేశాను. నువ్వు వెళ్తున్నావు, కథ చెప్తున్నావు."

చూపుడువేలు బయటికొచ్చింది.

"ఇంతకీ ఆ రాజు చేసిందేమిటో?" అన్నాడు గేటాయన, గేటు సంగతి మర్చిపోయి.

అమ్మ చెప్పబోయింది. పిల్ల అడ్డొచ్చింది. "అమ్మా, అది నా కథ."

చెప్పడం మొదలెట్టింది. దావూద్ చేతిలో దేవుడు ఇనుముని మెత్తగా చేశాడని, దానితో ఆయన కవచాలు అల్లాడని, ఆయన స్తోత్రం చేస్తుంటే కొండలూ పక్షులూ గొంతు కలిపేవని. ఒకసారి ఆయన ప్రార్థన గదిలో ఉంటే ఇద్దరు గోడెక్కి దూకారని.

"దొంగలా?" అన్నాడు గేటాయన.

"కాదు, తగువు తీర్చమని వచ్చారు. వీడికి తొంభై తొమ్మిది గొర్రెలున్నాయి, నాకున్న ఒక్కదాన్నీ ఇమ్మంటున్నాడు అన్నాడు ఒకడు. రాజు వెంటనే, నీకు అన్యాయం జరిగింది అనేశాడు. అవతలివాణ్ని అడగనే లేదు. తర్వాత తెలిసింది, అది తనకే పరీక్ష అని. సింహాసనం ఉంది కదా అని బింకానికి పోలేదు. వంగి, క్షమించమని ఏడ్చాడు. దేవుడు క్షమించాడు."

పిల్ల గొంతు వీధి మలుపుదాకా వినిపిస్తోంది. అమ్మ చెయ్యి ఎప్పుడు బయటపడిందో అమ్మే చూసుకోలేదు.

జనాన్ని తోసుకుంటూ ఒకావిడ లోపలికొచ్చింది. హాల్లో పిల్లలంతా ఎదురు చూస్తున్నారని వెతుక్కుంటూ వచ్చిన టీచరు. కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయినట్టుంది, చెంపలు తడిగా ఉన్నాయి. వెనక్కి తిరిగి, "పిల్లల్నందర్నీ ఇక్కడికే తీసుకురండి" అని ఎవరికో కేకేసి, గేటు కడ్డీల మీదే కూర్చుంది.

"మొదట్నించీ చెప్పమ్మా" అంది.

పిల్ల కొట్టంతా ఒకసారి కలయజూసింది. గేటాయన ఏదో అడగబోతున్నాడు.

"మధ్యలో ప్రశ్నలు వద్దు" అంది పిల్ల. "అన్నీ చివర్లో."