చివరి పది నిమిషాలు

ఆట వదలడానికి పది నిమిషాల ముందే చీపురూ బకెట్టూ పట్టుకుని తలుపు దగ్గర నిలబడాలి. జనం బయటికి పోగానే లోపలికెళ్లి, మళ్లీ గంట కొట్టేలోపు హాలంతా ఊడవాలి. నేల తెరవైపు వాలుగా ఉంటుంది కాబట్టి వెనక వరుస నుంచి మొదలుపెట్టాలి. ముందు నుంచి ఊడిస్తే పైనున్న చెత్త మళ్లీ కిందికి దొర్లుతుంది, చేసిన పనే మళ్లీ చేసుకోవాలి. ఇరవై ఆరేళ్లు మా అమ్మ ఈ పని చేసింది. బడి లేని రోజుల్లో నేనూ వెళ్లేదాన్ని. అమ్మ ఊడుస్తుంటే నేను సీట్ల కిందికి దూరి వేరుశనగ తొక్కలూ, నలిగిన టికెట్లూ, ఎప్పుడైనా ఎవరిదో ఒంటి చెవిపోగూ ఏరేదాన్ని.

అమ్మ ఏ సినిమానీ మొదటి నుంచి చూడలేదు. తలుపు సందులోంచి చివరి పది నిమిషాలే చూసేది. ఆ పది నిమిషాల్లో మొగుడు తప్పు తెలుసుకుంటాడు. అత్తగారు కోడల్ని కావలించుకుంటుంది. అందరూ ఒక్కచోట చేరి నవ్వుతుంటే తెర మూసేస్తారు. అమ్మకి లోకమంతా అదే. ఇంటికొచ్చి పక్కింటి వాళ్లకి కథ చెప్పేది. "ఎంత ఏడ్చాడనుకున్నారు, ఆవిడ చేతులు పట్టుకుని!"

"ఎందుకేడ్చాడు వదినా?"

"ఏదో చేసే ఉంటాడు. మగాడు కదా."

అందరం పడీపడీ నవ్వేవాళ్లం. అమ్మ కూడా నవ్వేది. కానీ ఆవిడ దాన్ని నమ్మిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాన్న తను పనిచేసే షెడ్డు నుంచి వచ్చి, అప్పుడే పని దిగి వచ్చిన అమ్మని చూసి "వచ్చారా హీరోయిన్ గారు? ఇక వడ్డిస్తారా?" అనేవాడు. కంచం ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉండేది. అమ్మ కాళ్లు కడుక్కోకుండానే వడ్డించేది. నేను కోపంతో ఊగిపోతుంటే, "ఉండవే, చివరికి తెలుసుకుంటాడు" అనేది గుసగుసగా.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. చదువుకి తగ్గ ఉద్యోగం వచ్చింది, ఉద్యోగానికి తగ్గ సంబంధం వచ్చిందన్నారు. పెళ్లయి తొమ్మిదేళ్లు. పోయిన ఆదివారం మా ఆయన ఆఫీసు వాళ్లు ఇంటికొచ్చారు. ఎవరిదో తాళంచెవి సోఫా కింద పడింది. ఆయన నవ్వుతూ, "మీరు లేవకండి సార్, మా ఆవిడ ఉందిగా. సీట్ల కింద వెతకడం వాళ్ల వంశవృత్తి" అన్నారు. అందరూ నవ్వారు. ఆ మాటకంటే నన్ను ఎక్కువ కాల్చింది ఇంకొకటుంది. చేతిలో ట్రే పక్కన పెట్టి, నేను వంగాను. వంగి, వెతికి, తాళంచెవి తీసిచ్చాను. థ్యాంక్స్ కూడా చెప్పించుకున్నాను. తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది ఇదేనని నేలకి చెంప ఆనించినప్పుడు తెలిసింది.

మర్నాడు బట్టలు సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. జరిగింది చెప్పాను. నాలుగో రోజు అమ్మ చిక్కుళ్లు ఒలుస్తూ మొదలుపెట్టింది.

"సరదాకన్నాడేమోలే. వెళ్లు తల్లీ. ఓపిక పట్టు. మీ నాన్న మాత్రం? ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకుని, నిన్ను చాలా కష్టపెట్టాను, క్షమించు అనలేదూ?"

అమ్మ ఈ మాట నాన్న పోయిన రోజు నుంచి చెబుతోంది. వచ్చిన చుట్టాలందరికీ చెప్పింది. వాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆసుపత్రిలో ఆ పూట మంచానికి ఒకవైపు అమ్మ, రెండోవైపు నేను ఉన్నాం. మూడు రోజుల తర్వాత నాన్న కళ్లు తెరిచాడు. పెదాలు కదిలాయి. అమ్మ మొహమంతా వెలిగిపోయింది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషిలా చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"నా చెప్పులెక్కడ పెట్టి చచ్చావు?" అన్నాడు నాన్న.

ఆ తర్వాత మరి మాట్లాడలేదు.

ఇప్పుడు అమ్మ చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. నిజం చెబితే ఆవిడ నన్ను మళ్లీ వెళ్లమనదు. కానీ ఆ ఒక్క మాట తీసేస్తే అమ్మ జీవితంలో ఇంకేం మిగులుతుంది?

"అవునమ్మా, అన్నాడు. నేనూ విన్నాను" అన్నాను.

అమ్మ చిక్కుడుకాయ కింద పెట్టేసింది. నా మొహంలోకి చూసింది. ఆయన ఏమన్నాడో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ రెండో మనిషి నేనేనని ఆవిడకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"నువ్వు వెళ్లొద్దులేవే" అంది అమ్మ.