దాసు వండిన యంత్రం బెల్లం

చోడవరం పక్కనే మా ఊరు. గణపతిరావు చెరకు తోట ఒడ్డున బెల్లం వండే యంత్రం దిగింది. ఖరీదులో సగం ప్రభుత్వానిదే. పల్లెల్లో పరిశ్రమలు పెరగాలన్నది పాలసీ. నలుగురికి కొత్తగా ఉద్యోగాలని కాగితంలో రాశారు. పాత పొయ్యి దగ్గర పనిచేసే ఎనిమిదిమంది సంగతి రాయడానికి అందులో చోటు లేదు పాపం.

పొగ ఉండదన్న మాట మాత్రం నిజం. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసి ఎగదోసి నరసమ్మ కళ్ళు ఎప్పుడో పాడైపోయాయి. అందుకని నేనూ యంత్రానికి ఓ దండం పెట్టాను. కానీ షరతు ఒకటుంది. ఆఫీసరు ఎదుట యంత్రం మంచి బెల్లం తీస్తే పాత పొయ్యిని ఆ రోజే పడగొట్టాలి. తీయకపోతే యంత్రం వెనక్కి. ఆ పొయ్యి మీద ముప్ఫై ఏళ్ళుగా బెల్లం వండుతున్నవాడు నరసమ్మ మొగుడు దాసు.

పరీక్ష రోజు తెల్లవారగానే యంత్రం తిప్పి చూశారు. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. బెల్లం మాత్రం గట్టిపడలేదు, నల్లగా కారింది. మురికి విరగడానికి రసంలో బెండకాడల జిగురు పోయాలని ఆ యంత్రానికి ఎవరు చెప్పారు గనక! గణపతిరావు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

దాసు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కూర్చోలేడే! వేలితో తీసి నాకి ఉమ్మేశాడు.

"ఇదేటి బాబూ, బెల్లమేనా? మనూరి బెల్లమని ఇది సూపిస్తే పరువేటవుద్ది? ఆఫీసరెప్పుడొస్తాడు?"

"మజ్జానం," అన్నాడు గణపతిరావు.

"అయితే సాలు," అంటూ దాసు పొయ్యి అంటించాడు.

మధ్యాహ్నానికి యంత్రం ట్రేలో బంగారు రంగు బెల్లం దిమ్మలు. పక్కన పొయ్యి ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అదేమిటని ఆఫీసరుగారు అడగలేదు.

"టెక్నాలజీ అంటే ఇదీ!" అని ముక్క చప్పరిస్తూనే పొయ్యి పడగొట్టే కాగితం మీద సంతకం పెట్టేశారు. యంత్రం మీద చెయ్యేసి ఫొటో దిగారు. ఎంత పనిచేసినా వేడెక్కలేదని మెచ్చుకున్నారు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రానికి జేసీబీ వచ్చి పొయ్యిని మట్టి చేసింది. నరసమ్మ ఏడవలేదు, మొగుడి మీద పడింది.

"ఓ గుప్పెడుప్పు ఏసీడానికి నీకు సేతులు రానేదేటి?"

దాసు ఆవిడకేసి బిత్తరపోయి చూశాడు.

"బెల్లంలో ఉప్పెలాగేత్తానే?"